ముల్లు ఫొటో: మర్రిగూడ వైపు ఒక ఊళ్లో 11 వారాల కెమెరా శిబిరం

మొదటి రోజు అంగన్‌వాడీ గదిలో, ఊరి ఆడవాళ్ల ముందు 6 కెమెరాలు చాప మీద పరిచాను. ఇవి మీ చేతుల్లోనే ఉంటాయి, మీ ఫొటోలు తియ్యడానికి నేను రాలేదు అని చెప్పాను. అందరిలో పెద్దామె కెమెరాల వైపు చూడనే లేదు. "ఫొటోలు మేము మస్తు దిగినం బిడ్డా," అంది. "మా నడుములు దిగినయ్, మా కాళ్లు దిగినయ్. మొఖం మాత్రం ఎవ్వలూ అడగలే."

ఆమె నడుము ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు దశాబ్దాల పాటు ఆ హద్దు దాటి ఉండేవి. పండ్లు గారపట్టేవి, కీళ్లు బిగుసుకుపోయేవి, వెన్ను వంగిపోయేది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ మా జిల్లా పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. ఆ కాలమంతా ఈ ఊళ్లకు కెమెరాలు వచ్చాయి. వచ్చినవాళ్లు మంచి కోరి వచ్చినవాళ్లే. కానీ ఆ పెద్దామె మాట విన్నాక నా దగ్గరున్న పాత కటింగులన్నీ తిరగేశాను. నిలబడి, పైనుంచి కిందికి చూస్తూ తీసినవే దాదాపు అన్నీ. ఆ ఎత్తు సంగతి ఆ రోజు పట్టించుకోలేదు. తొమ్మిదో వారంలో ఆమే నాకు నేర్పింది.

ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు, ఊరి పేరూ ఉండదు. మనుషుల్ని గుర్తుపట్టే చిన్న చిన్న వివరాలు వాళ్లతో మాట్లాడుకునే మార్చాను. పెద్దామె మాటలు మాత్రం ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, అలాగే రాయమని ఆమె అడిగింది.

నేను ఈ పనిలోకి ఎట్లా వచ్చానో చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో నేను చేసిన ఒక తప్పుతోనే ఈ కథ మొదలవుతుంది. నల్లగొండలో నాది ఫొటోలు తీసే పని. ముందు పెళ్లిళ్లు, తర్వాత కొన్నేళ్లు ఒక పత్రికకు జిల్లా ఫొటోలు. ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగిన వార్త వస్తే దాని పక్కన 'ప్రతీకాత్మక చిత్రం' కావాలి. మోకాళ్లు ముడుచుకుని మూలన కూర్చున్న అమ్మాయి, మొహానికి అడ్డంగా అరచెయ్యి, వెనక గోడ మీద పెద్ద మగ నీడ. అట్లాంటివి నేను తీసిచ్చాను. ఒకసారి మా పిన్ని కూతురినే కూర్చోబెట్టి తీశాను. అయిపోయాక ఆ పిల్ల, "అక్కా, తప్పు చేసింది వాడైతే తల నేనెందుకు దించుకోవాలె?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బాధితురాలి పేరు, గుర్తులు బయటపెట్టడం నేరం. అప్పట్లో ఐపీసీ 228ఏ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఆ చట్టం అవసరం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చట్టం దాచమన్నది మనిషి గుర్తును. తల వంచమని, మూలన కూర్చోమని ఎక్కడా రాయలేదు. అది మేం ఫొటోగ్రాఫర్లం చేర్చింది.

ఎవరు, ఎట్లా

పొదుపు సంఘాల నుంచి 14 మంది వచ్చారు. అందరికన్నా చిన్న పిల్లకు 17 ఏళ్లు, ఇంటర్ చదువుతుంది. తల్లి సంతకంతో, తల్లితో కలిసి వచ్చింది. పెద్దామెకు 63. ఎక్కువ మంది పత్తి ఏరడానికి, నాట్లకు కూలికి పోయేవాళ్లు. ఒకామె ఇంట్లో మిషన్ కుడుతుంది, ఒకామె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఇద్దరు పక్క తండా వాళ్లు. ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఫ్రీ అయింది 2023 డిసెంబర్ 9న. మేము ఆ తర్వాతి సంక్రాంతి అయిపోగానే మొదలుపెట్టి, ఉగాది ముందర ముగించాం. పత్తి పని తగ్గే రోజులు కాబట్టి అది కుదిరింది. వారానికి ఒక్క రోజు, శనివారం, పొద్దుగూకే ముందు రెండు గంటలు.

పద్ధతి కొత్తది కాదు. 1990ల మొదట్లో చైనాలోని యున్నాన్ పల్లెల్లో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు, ఊరి ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, వాళ్ల ఆరోగ్యం గురించి వాళ్ల చేతనే చూపించారు. దాన్ని ఫొటోవాయిస్ అంటారు. ఫొటో తియ్యడం అందులో సగం పని. తీసినదాన్ని అందరూ కూర్చుని చూడడం, ఇది ఎందుకిట్లా ఉంది అని అడగడం మిగతా సగం.

అందరి ఇళ్లల్లో ఫోన్లున్నాయి కదా, పాత కెమెరాలు ఎందుకు అని చాలామంది అడిగారు. ఇంట్లో ఫోన్ ఇంటిదే, ఆమెది కాదు. గ్యాలరీ కొడుకు చూస్తాడు, మొగుడు చూస్తాడు. తీసిన ఫొటో దానంతటదే ఎక్కడో బ్యాకప్ అయి ఇంకొకరి ఫోన్లో తేలుతుంది. చేత్తో డిలీట్ చేసినా ఒక్కోసారి పోదు. నెట్ లేని సెకండ్ హ్యాండ్ డిజిటల్ కెమెరాకు ఆ బాధ లేదు. ఒక్కొక్కరికి ఒక్కో మెమరీ కార్డు, కార్డుకు ఒక కవరు, కవరు మీద పేరు లేదు, నంబరు మాత్రమే. ఏ నంబరు ఎవరిదో వాళ్లకూ నాకూ తప్ప తెలియదు. ఇట్లాంటి పని పెట్టుకోవాలనుకునే వాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ కవర్ల సంగతే.

ఆకు, ముల్లు

మొదటి వారం 'భయం' అనే మాట ఒక్కటిచ్చి పంపాను. శనివారం 40కి పైగా ఫొటోలు వచ్చాయి. చూస్తుంటే నాకు గుండె జారిపోయింది. ఒకరినొకరు మూలన కూర్చోబెట్టి తీసుకున్నారు. మోకాళ్లు ముడుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను పత్రికకు తీసిచ్చిన ఫొటోలే మళ్లీ నా ముందుకు వచ్చాయి. సీరియళ్లలో చూసింది, పేపర్లో చూసింది వాళ్ల చేతుల్లోకి వచ్చేసింది. భయం అంటే భయపడ్డ ఆడమనిషి, అంతే.

అవి చూస్తూ పెద్దామె తల ఊపింది. "గంతేనమ్మా. ఆకొచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, చిరిగేది ఆకే."

మనలో ఈ సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదు. తల్లులు ప్రేమతోనే చెప్తారు, జాగ్రత్త కోసమే చెప్తారు. గదిలో అందరూ అవునన్నారు. ఇంటర్ పిల్ల మాత్రం లాప్‌టాప్ దగ్గరికి వచ్చి ఫొటోలన్నీ మొదటి నుంచి ఒకసారి జరిపి చూసింది. "అన్నిట్ల ఆకే ఉన్నది. ముల్లేది?" అంది.

నేను తయారు చేసుకున్న ప్రణాళికలో ఈ ప్రశ్న లేదు. మిగతా పది వారాలు ఈ ప్రశ్న మీదే నడిచాయి.

మరుసటి వారం గోడకు రెండు రకాల బొమ్మలు అంటించాను. ఒక పక్క 'ప్రతీకాత్మక చిత్రాలు'. ఇంకో పక్క తుపాకీ పట్టుకున్న మల్లు స్వరాజ్యం ఫొటో. మా జిల్లా మనిషి, తెలంగాణ సాయుధ పోరాటంలో చిన్న వయసులోనే దళం నడిపింది, ఆమెను పట్టిస్తే 10 వేల రూపాయలిస్తామని అప్పటి సర్కారు ప్రకటించింది. ఇదిగో, మన దగ్గరే ఇట్లాంటి ఫొటో కూడా ఉంది అని చూపిస్తే వాళ్లకు బలం వస్తుందనుకున్నాను. పేరు విని సంతోషపడ్డారు, ఆ ఊరి వైపు చుట్టరికాలున్న వాళ్లు కథలు చెప్పారు. కానీ మిషన్ కుట్టే ఆమె, "ఏడ్చుకుంట కూసుంటె ఒక ఫొటో, తుపాకి పడితె ఒక ఫొటో. నడుమ మేమున్నం కద, మాదేది?" అంది. ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటల్ని స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల బృందం 1986లో అచ్చువేసినప్పుడు అందులోనూ ఈ నొప్పే కనిపించింది. పోరు ముగిశాక మళ్లీ ఇంటికే పొమ్మన్నారని, వాళ్ల రోజువారీ బతుకును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని. ఏడ్చే ఫొటోకు మందు వీరనారి ఫొటో అని నేను అప్పటిదాకా నమ్మాను. ఆ రోజు నుంచి నమ్మడం లేదు.

ముగ్గు

మూడో వారం అంగన్‌వాడీ ముందు వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఊరి పటం ముగ్గుపిండితో వేశారు. పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. బడి, గుడి, బస్టేజీ, చెరువు కట్ట, తండా దారి, పత్తి చేన్లు. గుండె దడదడలాడే జాగలో కుంకుమ పెట్టండి, నిమ్మళంగా ఉండే జాగలో పసుపు పెట్టండి అన్నాను.

1977లో అమెరికాలో సుజాన్ లేసీ అనే కళాకారిణి లాస్ ఏంజెలస్ నగర పటం తీసుకుని, పోలీసులకు అందిన అత్యాచార ఫిర్యాదులను బట్టి ఎక్కడ జరిగితే అక్కడ ఎర్ర ముద్ర వేసుకుంటూ పోయింది. మూడు వారాల పాటు, రోజూ, అందరూ తిరిగే చోట. ఆ పటంలో ఒక్క ఆడమనిషి మొహం లేదు, ఊరు మాత్రమే ఉంది. నేను ఆ సంగతి చెప్పి, మన ముగ్గు అట్లాంటిదే అన్నాను. నా ఉద్దేశం వీధి గురించి. ఎర్రచుక్కలు బస్టేజీ దగ్గర, బెల్టు షాపు దగ్గర పడతాయనుకున్నాను. పడ్డాయి కూడా.

మాటలు తక్కువగా ఉండే ఒకామె కుంకుమ భరిణె తీసుకుని పటమంతా దాటి, తన ఇల్లు గీసిన చోట చిటికెడు పెట్టింది. పెట్టి చెయ్యి దులుపుకుని పోయి కూర్చుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకామె లేచింది. ఆ తర్వాత ఇంకొకామె. చీకటి పడే వేళకు 14 మందిలో ఆరుగురి ఇళ్ల మీద కుంకుమ ఉంది.

తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస పడ్డామని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు. ఆ అంకె నాకు ముందే తెలుసు. తెలిసీ నేను శిబిరాన్ని వీధి చుట్టూ, రాత్రి చుట్టూ, బయటి మగవాడి చుట్టూ అల్లుకున్నాను. మా 'ప్రతీకాత్మక చిత్రం'లో గోడ మీద పడే నీడ ఎప్పుడూ తెలియనివాడి నీడే. ముగ్గు ఆ నీడను తీసి ఇంట్లో పెట్టింది.

ఆ రాత్రి ముగ్గును అట్లాగే వదిలి పోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు. పైనుంచి ఒక్క ఫొటో తీసి, నీళ్లు కొట్టి కడిగేశారు. సరైన పని అనిపించింది. పటం చూస్తే ఎవరి ఇల్లో తెలిసిపోతుంది కదా. ఆ ఫొటోలో ఇళ్లున్న భాగాన్ని బయట ఎక్కడా వాడలేదు.

వాళ్లు తీసిన ముళ్లు

నాలుగో వారం నుంచి ఫొటోలు మారిపోయాయి. మనుషులు తగ్గారు, వస్తువులు వచ్చాయి.

వంట చేసే ఆమె బాత్రూం తలుపు తీసింది, లోపలి వైపు నుంచి. గొళ్లెం ఊడిపోయిన చోట రెండు బొక్కలు, వాటిలోంచి దూర్చి ముడేసిన చున్నీ ముక్క. మా ఊళ్లలో మరుగుదొడ్లు కట్టారు, లెక్కల్లో ఉన్నాయి. కానీ తలుపు చెక్క ఉబ్బి గొళ్లెం ఊడితే స్నానం చేస్తున్నంత సేపూ ఒక చెయ్యి తలుపు మీదే ఉంటుంది. ఆ ఫొటోలో వెలుతురంతా ఆ రెండు బొక్కల్లోంచే వస్తుంది. నాకు ఫొటోగ్రఫీ నేర్పిన వాళ్లెవరూ ఆ ఫొటో తియ్యలేరు, ఎందుకంటే ఆ తలుపు లోపల వాళ్లెప్పుడూ నిలబడలేదు.

తండా ఆమె బస్సు టైముల బోర్డు తీసింది. బస్సు ఫ్రీ అయింది, ఆమె సంతోషంగానే చెప్పింది. అంగడికి, ఆస్పత్రికి మొగుణ్ని పైసలడగకుండా పోతున్నానంది. కానీ ఊరికి వచ్చేది రెండు ట్రిప్పులు. సాయంత్రంది తప్పితే ఆటోనే, అదీ నిండితే డ్రైవర్ పక్క సీట్లో. ఆ సీటు కూడా ఒక ఫొటోగా తెచ్చింది, ఖాళీ సీటు. చూసిన ప్రతి ఆడమనిషీ ఆ ఫొటో ముందు నవ్వలేదు, మాట్లాడలేదు, ఊ అంది.

దేవరకొండ వైపు తండాల పేరు 1999 నుంచి 2001 మధ్య దేశమంతా తెలిసింది, ఆడశిశువుల అమ్మకాల వార్తలతో. పసిబిడ్డలతో నిలబడ్డ లంబాడ తల్లుల ఫొటోలు అప్పట్లో చాలా వచ్చాయి. తండా ఆమెకు అప్పుడు పదేళ్లు. "మా అమ్మలు ఎంత చెడ్డోళ్లో అన్నట్టు తీసిన్రు. బిడ్డలను కొన్నోళ్ల ఫొటో నేను ఒక్కటి చూడలే," అంది. సామెత చెప్పినదే ఇది కూడా, చిరిగిన ఆకును తెచ్చి చూపించడం.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది గ్లాసు. ముగ్గులో మొదట కుంకుమ పెట్టిన ఆమె తెచ్చిన ఫొటో. మామూలు స్టీలు గ్లాసు, చాయ్ తాగేది, పొయ్యి గట్టు మీద. ఒక పక్క లోతుగా సొట్ట. ఆ సొట్టలో కిటికీ వెలుతురు వంకరపోయి కనిపిస్తుంది. ఆమె ఏమీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 1984లో, ప్రియుడు కొట్టిన నెల రోజులకు, కమిలిన కన్నుతో లెన్స్ వైపు సూటిగా చూస్తూ తన ఫొటో తీయించుకుంది. లిప్‌స్టిక్ వేసుకుని, నగలు పెట్టుకుని. గొప్ప ఫొటో, నేను చాలా శిబిరాల్లో చూపించాను. కానీ ఇక్కడ, నాలుగు వీధుల ఊళ్లో, మొహం ఒక్కరి సొత్తు కాదు. ఆ మొహం వెనక పుట్టిల్లు, అత్తిల్లు, పెళ్లికి ఎదిగిన బిడ్డ ఉంటారు. ధైర్యం ఉంటే మొహం చూపిస్తావు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బయట పెడదామా వద్దా అని అడిగినప్పుడు గ్లాసు ఫొటో ఆమె, "ఊళ్లె ఎవ్వలింట్ల లేదు ఈ గ్లాసు? ఎవ్వలిదని చెప్తరు?" అంది. కళలో ఎంత చదువుకున్నా నాకు తట్టని ఆలోచన అది.

సంతకం

ఐదో వారంలో నేను చేసిన తప్పు రాయాలి. ఒకామె చేతి మీద పాత కాలిన మచ్చ ఉంది. ఆమె ఒప్పుకుని, ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టాకే ఆ చేతిని ఫొటో తీశాను, నేనే తీశాను. శనివారం గోడకు అంటించిన ప్రింట్లలో అదీ ఉంది. ఆ రోజు తల్లులతో పాటు పిల్లలు వచ్చారు, నేను వద్దనలేదు. పిల్లలు చేతి గాజుల్ని గుర్తుపట్టారు. సాయంత్రానికి మాట ఆమె ఇంటికి చేరింది. మరిది అంగన్‌వాడీ దాకా వచ్చి గొడవపడ్డాడు. ఆమె రెండు వారాలు రాలేదు.

ఆ తర్వాతి వారం వచ్చింది. నేను క్షమించమని అడిగి, సంతకం పెట్టించుకున్నాను కదా అనుకున్నాను, అని ఏదో అన్నాను. అప్పుడామె అన్న మాట నేను రాసిపెట్టుకున్నాను: "సంతకం నీకు పెట్టిన మేడం. ఊరికి పెట్టలే."

అప్పటి నుంచి నా శిబిరాల్లో ఒప్పుకోలు ఒక్కసారి అడిగేది కాదు. తియ్యడానికి ఒకసారి, మన గదిలో చూపడానికి ఇంకోసారి, ఊరికి చూపడానికి మళ్లీ ఒకసారి. ఏ దశలోనైనా, వేలాడదీసే రోజు పొద్దున కూడా, వద్దంటే ఆ ప్రింటు తీసి ఆమె చేతికే ఇవ్వాలి, కారణం అడగకూడదు. కాగితం చదవరాని వాళ్లకు చదివి వినిపిస్తే చాలదు. ఈ ఫొటో నీ మరిది చూస్తే ఏమవుతుంది, బడిలో నీ బిడ్డ దోస్తు చూస్తే ఏమవుతుంది అని పేరుపేరునా అడగాలి. బలహీన స్థితిలో ఉన్న మనిషిని ఫొటో తీసి, ఆమెను ఇంకా బలహీన స్థితిలోకి తోసేశాను నేను. ఆ చేతి ఫొటో ఫైలు ఆమె ముందే చెరిపేశాను.

"కింద కూసొని తియ్"

తొమ్మిదో వారం. ఎవరికి వాళ్లు తమ ఫొటో ఎట్లా ఉండాలో తామే చెప్పే వారం. ఈ దారి చూపింది షెబా ఛాఛీ. ఢిల్లీలో 1980ల నుంచి స్త్రీల ఉద్యమాన్ని, వరకట్న చావుల మీద నిరసనల్ని ఫొటోలు తీసిన మనిషి. కొన్నేళ్లకు ఆమెకే అనుమానం వచ్చింది, ఊరేగింపులో అరుస్తున్న మొహాన్ని నేను పట్టుకుపోతున్నాను, ఆమెకు నేనేం ఇచ్చినట్టు అని. అప్పుడు ఏడుగురు ఉద్యమకారిణులను ఎంచుకుని, ఎక్కడ కూర్చుంటారో, చేతిలో ఏం పట్టుకుంటారో, ఎట్లా చూస్తారో వాళ్లతోనే నిర్ణయింపజేసి తీసింది. కూతుర్ని వరకట్నానికి పోగొట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడిన సత్యరాణి వాళ్లలో ఒకరు.

పెద్దామె వంతు వచ్చింది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటానంది. పెట్టెలోంచి ఎర్రంచు చీర తీసి కట్టుకుంది. నేను పక్కన నిలబడి ఉన్నాను, కెమెరా ఇంటర్ పిల్ల చేతిలో ఉంది. పిల్ల నిలబడి ఫోకస్ చేస్తుంటే పెద్దామె చెయ్యి ఎత్తి ఆపింది.

"అందరు నిలబడే తీసిన్రు బిడ్డా. నేను లేవలేను గద, నువ్వు దిగు. కింద కూసొని తియ్."

పిల్ల మట్టిలో కూర్చుంది. లెన్స్ అరుగు కన్నా కిందికి వచ్చింది. ఫొటోలో ఆమె వెన్ను వంకర అట్లాగే ఉంది, ఎవరూ దాచలేదు. కానీ వెనక ఆకాశం ఉంది, ఆమె చూపు మన మీదికి దిగుతుంది. ఇన్నేళ్లూ ఎత్తు నుంచి తీస్తే ఆమె నేలకు కరుచుకుపోయినట్టు ఉండేది. రోగం అదే, మనిషి అదే, కెమెరా రెండడుగులు దిగింది. ఈ శిబిరం నుంచి పనికొచ్చే సాంకేతిక విషయం ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెప్తాను: లెన్స్ ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి.

దండెం

బట్టల ఆలోచన మాది కాదు. బెంగళూరులో జస్మీన్ పతేజా 2003లో మొదలుపెట్టిన బ్లాంక్ నాయిస్ వాళ్లు, వేధింపు జరిగిన రోజు వేసుకున్న బట్టల్ని ఆడవాళ్ల దగ్గర సేకరిస్తున్నారు. 'ఐ నెవర్ ఆస్క్ ఫర్ ఇట్' అని దాని పేరు. నేను కోరుకోలేదు అని. ఈ సంగతి చెప్పగానే మా వాళ్లకు అర్థమైంది, వివరించనక్కర లేకపోయింది. "ఏం బట్టలేసుకున్నది?" అనే ప్రశ్న ఇక్కడ కూడా మొదటి ప్రశ్నే.

ఆ మరుసటి వారం ఎవరు ఏది తెచ్చిందో తెలియకుండా ఒక గంపలో వేశారు. నీలం తెలుపు బడి డ్రెస్సు. నైటీ, మీద వేసుకున్న తువ్వాలతో సహా. కూలికి పోయేటప్పుడు చీర మీద వేసుకునే మగవాళ్ల ఫుల్ చేతుల అంగీ. అద్దాలు కుట్టిన లంబాడ రవిక. వెలిసిపోయిన ముతక నేత చీర, ఎవరిదో వయసు మీరిన మనిషిది. గంప ఖాళీ చేస్తుంటే మిషన్ కుట్టే ఆమె ఆ అంగీ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పత్తి చేన్లో ఒక్క వేలు కూడా కనిపించకుండా కప్పుకునే అంగీ అది. దండెం కట్టి, అన్నీ వరుసగా ఆరేసి, పొద్దు వాలేటప్పుడు ఫొటో తీశారు. బట్టలకు మనుషులు లేరు, గాలి మాత్రమే ఉంది.

బస్టేజీ

ప్రదర్శన ఎక్కడ అనేది పెద్ద చర్చ. పంచాయతీ ఆఫీసులో పెట్టుకోండి, లైట్లున్నాయి అని పెద్దమనుషులు అన్నారు. మంచి మాటే. కానీ అక్కడికి ఆడవాళ్లు రారు, వచ్చినా గోడకు నిలబడతారు. ముగ్గులో అన్నిటికన్నా ఎక్కువ కుంకుమ పడ్డ బయటి జాగ బస్టేజీ. అక్కడే పెడదామని వాళ్లే అన్నారు. బస్టేజీ స్తంభానికి, పక్కన యాపచెట్టుకు తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో 23 ప్రింట్లు వేలాడదీశాం. 12x18 సైజు, మ్యాట్ పేపర్, నల్లగొండ ల్యాబ్‌లో తీయించినవి. ఫ్లెక్సీ వద్దనుకున్నాం. మా ఊళ్లలో ఫ్లెక్సీ అంటే పుట్టినరోజు నాయకుడు, లేదా చనిపోయినవాళ్లు. అంగడి రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాం.

మగవాళ్లు దూరం నుంచి చూసి పోయారు చాలాసేపు. బెల్టు షాపు ఫొటో చూసి నడిపే ఆయన వచ్చి తియ్యమన్నాడు. తియ్యలేదు. కాలేజీ పిల్లగాడు ఒకడు ఆటో సీటు ఫొటో ముందు ఆగి, ఇందులో ఏముంది అని నిజంగానే అడిగాడు. తండా ఆమె వాణ్ని కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చెప్పింది. విని, మా చెల్లె ఆ సీట్లోనే పోతది అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

సాయంత్రం కూలి నుంచి వచ్చే ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. గ్లాసు ముందు ఆగారు. ఒకామె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇది మా ఇంటిదే," అంది. పక్కనామె, "కాదు, మాది," అంది. ఇంకొకామె కూడా. గ్లాసు ఎవరిదో తెలిసిన మనిషి అక్కడే నిలబడి ఉంది, నోరు విప్పలేదు. ఆమె భుజాలు మాత్రం కొంచెం దిగినట్టు నాకనిపించింది. చీకటి పడ్డా ఎవరూ ఇళ్లకు పోలేదు. ఎవరో చార్జింగ్ లైటు తెచ్చారు. చివరి బస్సు వచ్చి పోయాక కూడా అక్కడే ఉన్నారు, తొమ్మిది దాటే దాకా. ఆ బస్టేజీలో ఆ వేళకు అంతమంది ఆడవాళ్లను తను పుట్టాక చూడలేదని పెద్దామె అంది.

తర్వాత

సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయి, ప్రత్యేక అధికారులు వచ్చిన రోజులవి. బస్టేజీ లైటు, బస్సు లాంటి వాటికి దరఖాస్తు ఎవరికివ్వాలో తెలుసుకోవడానికే నెల పట్టింది. చివరికి పంచాయతీ కార్యదర్శికి ఫొటోలు అంటించి ఇచ్చారు. బస్టేజీలో లైటు పడింది. బస్సు మూడో ట్రిప్పు రాలేదు, ఇప్పటికీ రాలేదు. బెల్టు షాపు మూతపడలేదు, వెనక సందులోకి మారింది. అది మేలో కీడో వాళ్లలోనే రెండు మాటలున్నాయి, సందు ఇంకా చీకటిగా ఉంటుంది కదా అని. గొళ్లేలకు ఎవరినీ అడగలేదు. సంఘం పైసలతో మండలంలో కొని, మిషన్ కుట్టే ఆమె మొగుడు స్క్రూలు బిగించాడు, తొమ్మిది ఇళ్లల్లో.

ఇళ్ల మీది కుంకుమ సంగతి ఇంత తేలిగ్గా చెప్పలేను. జిల్లా కేంద్రంలో హింస పడ్డ ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉందని, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చని, 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోంచి పంపకుండా నివాస ఉత్తర్వు అడగొచ్చని ఆరో వారంలో ఒక వకీలమ్మను పిలిచి చెప్పించాను. ఒకామె వెళ్లింది. మిగతావాళ్లు వెళ్లలేదు. ఫొటో తీసినంత మాత్రాన కొట్టే చెయ్యి ఆగిందని నేను రాయలేను. అట్లా రాసే రిపోర్టులు చదివాను, నమ్మకం కుదరలేదు. మొదటి వారమే ఆ వకీలమ్మను పిలవాల్సింది. మనుషులు నోరు విప్పాక సాయం కోసం వెతకడం తప్పు. ముందే దారి చూపి, ఆ తర్వాత అడగాలి.

23 ప్రింట్లలో ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. పెద్దామె తన ఫొటోను ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టించుకుంది, కావాలని కొంచెం ఎత్తులో. ఒక కవరు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, 9వ నంబరు. అందులో ఉన్న ఫొటోను ఆ కవరు మనిషి ప్రదర్శన పొద్దున వద్దంది, దాని గురించి ఇక్కడ రాయను. పోయిన నెల ఏదో పని మీద నల్లగొండ వచ్చి మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగాక, "అది ఇంకా ఉన్నదా మేడం?" అని అడిగింది. బీరువాలోంచి తీసిచ్చాను. కవరు తెరవలేదు. రెండు వేళ్లతో అంచులు తడిమి చూసి నా చేతికి ఇచ్చేసింది.

"ఉంచు," అంది. "నేను అడిగిన్నాడు ఇయ్యి."